గెలిచిన మర్నాటి పంచనామా

మా పీడీ సారు పోయారన్న సంగతి నాకు ఫ్లెక్సీ చెప్పింది. మొన్న పొద్దున ఎల్‌బీనగర్ నుంచి మీర్‌పేట్ వైపు తిరిగే మలుపులో కరెంటు స్తంభానికి కట్టి ఉంది. ఒక మూల సారు ఫోటో, పాస్‌పోర్టు సైజు దాన్ని సాగదీసి పెట్టారు. దానికి రెండింతల సైజులో, చేతులు జోడించి నివాళి అర్పిస్తున్న నాయకుడి ఫోటో. కింద ఇలా ఉంది: ‘అజాతశత్రువు, నాకు బాస్కెట్‌బాల్ నేర్పిన గురువు గారికి అశ్రునివాళి.’ బండి పక్కన ఆపి మళ్లీ చదివాను. చావు కబురు తెలిసిన మనిషికి ముందు ఏడుపు రావాలి. నాకు కోపం వచ్చింది.

అజాతశత్రువట. ఆయనకు శత్రువులు లేరని ఎవరు చెప్పారు? ఆ ఫ్లెక్సీలో చేతులు జోడించినవాడే ఒకడు. చచ్చిపోయిన ప్రతివాడినీ సాధుజీవిగా మార్చి పూడ్చేయడం మనకు బాగా చేతనైన విద్య. మంచివాడు అని ఒక ముక్క అనేస్తే, ఆయన ఏం చేశాడు, మనం ఆయన్ని ఏం చేశాం అని ఇక ఎవడూ అడగడు. మా సారు ఆ అర్థంలో మంచివాడు కాదు. కఠినుడు. కొన్నిసార్లు క్రూరుడు. ఆయనకు నేను రుణపడి ఉన్నాను కాబట్టే ఆ మాట రాస్తున్నాను.

తెలియనివాళ్ల కోసం చెప్తాను. పీడీ అంటే ఫిజికల్ డైరెక్టరు, కాలేజీలో ఆటల సారు. ఎల్‌బీనగర్ పక్కన మాదొక పాత ఎయిడెడ్ కాలేజీ. నల్లగొండ పల్లెల నుంచి వచ్చి కిరాయి గదుల్లో ఉండే పిల్లలు, ఆటో నడిపేవాళ్ల పిల్లలు, బస్సు డ్రైవర్ల పిల్లలు మా దగ్గర చదివేవారు. నేను పొలిటికల్ సైన్సు చెప్పేవాణ్ణి. నా స్టాఫ్‌రూముకూ ఆయన గదికీ మధ్య ఒకటే గోడ. ఆయన తిట్లు నా పాఠంలో కలిసిపోయేవి. రాజ్యాంగ పీఠిక చెప్తుంటే అవతల నుంచి ‘అరే, కాళ్లా అవి, కట్టెలా’ అని వినిపించేది. పిల్లలు నవ్వేవాళ్లు, నేనూ నవ్వేవాణ్ణి.

ఆటగాళ్లను ఆయన పేరుతో పిలిచేవాడు కాదు. ఎవడికి ఏ లోపం ఉంటే అదే వాడి పేరు. ఎడమ చెయ్యి వాడనివాడు ‘ఒంటిచెయ్యి’. పాస్ ఇవ్వనివాడు ‘పిసినారి’. లోపం పోయిన రోజు అసలు పేరుతో పిలిచేవాడు. పేరు పిలిపించుకోవడానికి పిల్లలు ఏడ్చినంత పనిచేసేవాళ్లు. ఇది పద్ధతేనా అని నేను పోట్లాడాను. పిల్లల ఆత్మగౌరవం గురించి గంభీరంగా ఏదో చెప్పాను కూడా. ఆయన విని, ‘మీ క్లాసుల ఫెయిలైనోనికి మీరు నంబరు ఇస్తరు సారు, నేను పేరు ఇస్తున్న’ అన్నాడు.

ఆయన దగ్గర ఒక ఆచారం ఉండేది. ఓడిన రోజు టీం మొత్తాన్నీ కొత్తపేటలో ఇడ్లీ బండి దగ్గరికి తీసుకుపోయేవాడు. ఆట గురించి ఒక్క మాట మాట్లాడనిచ్చేవాడు కాదు. గెలిస్తే మాత్రం టీ కూడా ఉండదు. మర్నాడు పొద్దున కాలేజీ సిమెంటు కోర్టులో పంచనామా. గెలిచిన ఆటను ముక్కముక్కలుగా కోసేవాడు. ‘ఓడినోణ్ని లోకమంత కోస్తది. గెలిచినోణ్ని ఎవడు కోయాలె? మనమే కోసుకోవాలె’ అనేవాడు. దానికి ఎవరైనా రావచ్చు. గ్యాలరీలో అరిచినవాళ్లు, పాన్‌డబ్బా దగ్గర విశ్లేషణ చేసినవాళ్లు, అందరూ. నియమం ఒక్కటే. ఫలానావాడు తప్పు చేశాడు అని కూర్చొని అనకూడదు. బంతి చేతిలో పట్టుకొని, వాడు నిన్న నిలబడ్డ చోటే నిలబడి, ఎదురుగా మనిషిని అడ్డం పెట్టుకొని అప్పుడు అనాలి. నోరున్న అభిమానులు చాలామంది ఆ కోర్టులో ఆయాసపడి, నోరు మూసుకొని వెళ్లడం నేను చూశాను. అది చూడటానికే నేనూ వెళ్లేవాణ్ణి, దాచుకోవడం దేనికి.

ఇప్పుడు అసలు ఆట సంగతి. తెలంగాణ ఉద్యమం బాగా వేడి మీద ఉన్న ఏడాది. చౌరస్తాలో వంటావార్పు, రోడ్డు మీదే సహపంక్తి భోజనాలు, రోజుకొక ర్యాలీ. నేను మైకు ముందు గొంతు పోగొట్టుకుంటున్న రోజులు. కాలేజీల మధ్య బాస్కెట్‌బాల్ పోటీల ఫైనల్లో మా ప్రత్యర్థి దిల్‌సుఖ్‌నగర్‌లోని ఒక కార్పొరేట్ కాలేజీ. బంద్ రోజున కూడా షట్టరు సగం దించి క్లాసులు నడిపిందని మావాళ్లకు దాని మీద కసి. అక్కడ చదివేది ఎక్కువగా కోస్తా నుంచి వచ్చి స్థిరపడ్డ కుటుంబాల పిల్లలు. కాబట్టి ఆట మొదలవకముందే అది ఆట కాకుండా పోయింది. సరూర్‌నగర్ ఇండోర్ స్టేడియంలో ఒకవైపు నుంచి ‘మీకు బంతెందుకురా, రాళ్లు విసురుకోండి’ అని, ఇంకోవైపు నుంచి ‘ఆట అయినంక బెజవాడ బస్సు మేమే ఎక్కిస్తం’ అని. రెండువైపులా నవ్వులు. ఆ నవ్వుల్లో ఎవరికీ ఆనందం లేదు.

చిక్కంతా ఏమిటంటే, మా టీంలో బంతి నడిపించేవాడు కిశోర్. వాళ్ల నాన్నది గుంటూరు దగ్గర ఊరు, కొత్తపేటలో ప్లంబింగ్ సామాన్ల దుకాణం. కిశోర్ పుట్టింది ఇక్కడే, పెరిగింది ఇక్కడే. కానీ మాట ఇంట్లో మాటే. ‘వెళ్లొస్తానండి’ అనేవాడు. అప్పటిదాకా అది టీంలో ఒక సరదా. ‘అండీ’ అని పిలిచి ఏడిపించేవాళ్లు, వాడూ నవ్వేవాడు.

ఆట చివరికొచ్చేసరికి మాకు ఒక్క పాయింటు ఆధిక్యం. వాళ్లు వేసిన బంతి రింగుకు తగిలి బయటికొచ్చింది. కిశోర్ అందుకొని ఒక్కడే అవతలి బుట్ట దాకా పరుగెత్తాడు. ముందు ఎవరూ లేరు. వేయడమే తరువాయి. గ్యాలరీ అంతా లేచి నిలబడింది. వాడు వేయలేదు. బుట్ట కింద నుంచి వెనక్కి తిరిగి, మూలకు పోయి, ఇద్దరు మీద పడుతున్నా బంతిని నేలకు కొడుతూ తప్పించుకుంటూ ఉండిపోయాడు. బజరు మోగింది. మేం గెలిచాం. వాడు బంతిని అవతలి కెప్టెన్ చేతిలో పెట్టి, భుజం తట్టి ఏదో అన్నాడు. ఆ కెప్టెన్ కిశోర్ వాళ్ల వీధివాడే.

గెలిచామన్న సంతోషం స్టేడియం గేటు దాకా కూడా రాలేదు. బయట టీకొట్టు దగ్గరే విశ్లేషణ మొదలైంది. మావాళ్లకు కబడ్డీ తెలుసు, క్రికెట్ తెలుసు. దొరికిన పరుగు ఎవడూ వదలడు, చిక్కిన మనిషిని ఎవడూ వదలడు. మరి వీడు ఖాళీ బుట్టను ఎందుకు వదిలాడు? ఒకడు తడబడ్డాడేమో అన్నాడు. ఇంకొకడు తడబడ్డోడు మూలకు అంత సాఫుగా ఎట్ల పోయిండని అడిగాడు. ఎదురుగా వాళ్లోళ్లుంటే చెయ్యి లేవలేదు అని మూడోవాడు తేల్చాడు. టీ చల్లారేలోపు కిశోర్ ద్రోహి అయిపోయాడు. గెలిచిన ఆటలో ద్రోహిని వెతికి పట్టుకున్న జనాన్ని నేను అక్కడే మొదటిసారి చూశాను. తర్వాత జీవితంలో చాలాసార్లు చూశాను. ఓడిన జనం కంటే గెలిచిన జనం ఎక్కువ క్రూరంగా ఉంటుంది. ఓడినవాడికి సాకు చాలు, గెలిచినవాడికి బలి కావాలి.

విజయయాత్రకు డీసీఎం వ్యాను తెచ్చారు. ఆటగాళ్లందరినీ పైకి ఎక్కించారు. కిశోర్‌ను వెనక నడవమన్నారు. నడిచాడు. చేతిలో టీం నీళ్ల డబ్బా పెట్టారు. మోశాడు. దిల్‌సుఖ్‌నగర్ బస్‌స్టాండు ముందర, అవతలి కాలేజీ పిల్లలంతా చూస్తుండగా, వాడి ముఖం మీద గులాల్ గుప్పెడు గుప్పెడుగా కొట్టారు. పండక్కి చల్లినట్టు కాదు. కళ్లలో పడేలా.

మర్నాడు పంచనామాకు కోర్టు చుట్టూ నిలబడటానికి చోటు లేదు. విద్యార్థి నాయకుడు యాదగిరి ముందు నిలబడ్డాడు. అప్పట్లో సన్నగా, చురుగ్గా, మంచి ఉపన్యాసకుడు. నాకు ఇష్టమైన విద్యార్థి. కిశోర్ ఖాళీ బుట్ట వదిలేశాడు, టీంలోంచి తీసేయాలి, యూనివర్సిటీ పోటీలకు వాడు పోతే కాలేజీ పరువు పోతుంది అన్నాడు.

సారు బంతి తీసి యాదగిరి చేతిలో పెట్టాడు. కిశోర్ నిన్న నిలబడ్డ చోటికి తీసుకుపోయి నిలబెట్టాడు.

‘ఎయ్యి బిడ్డా.’

యాదగిరి వేశాడు. బంతి బోర్డుకు కూడా తగల్లేదు. నవ్వులు లేచాయి. ‘నవ్వకుండ్రి’ అని సారు గద్దించి, మళ్లీ వేయించాడు. అదీ పోయింది. మళ్లీ. కండువా జారి కాళ్లకు అడ్డం పడింది. చెమటలు కారాయి. వదిలేయండి సార్ అని ఎవరో అన్నారు. ఆయన వదల్లేదు. బుట్టలో పడేదాకా వేయించాడు. పడ్డప్పుడు జనం ఈలలు వేశారు. ఆ కుర్రాడి ముఖంలో గెలుపు లేదు, చచ్చేంత సిగ్గుంది. ఆ పని క్రూరం అని నేను అప్పుడే అనుకున్నాను.

‘పడ్డది. మంచిగ పడ్డది. ఇప్పుడు గడియారం ఏమైతది?’ సారు అందరినీ అడిగాడు. ఎవరికీ తెలియదు. ‘ఆఖరి నిమిషాల బుట్టల పడితే గడియారం ఆగుతది. బంతి అవతలోనికి పోతది. మనకంటె వాళ్లు మూడు పాయింట్లే తక్కువ. వాళ్ల దాంట్ల దూరంకెళ్లి మూడు పాయింట్లు కొట్టేటోడు ఉన్నడు, నిన్న మీరే చూసిండ్రు. ఎయ్యకుంటే? గడియారం ఉరుకుతనే ఉంటది. ఆట ఖతం. ఆఖరిల ఖాళీ బుట్ట కనబడ్డా దాని దిక్కు చూడకు, మూలకు పో అని టైమ్ అవుట్ల చెప్పింది నేను. వాడు నా మాట విన్నడు. ద్రోహం ఉంటే నాది.’

అంతటితో అయిపోవాలి. లెక్క అంత స్పష్టంగా ఉంది. ఆ పిల్లలు మొద్దులు కారు, అర్థమైంది. అర్థమైంది కాబట్టే కోపం ఇంకా పెరిగింది. యాదగిరి బంతిని నేలకేసి కొట్టి, ఆట సంగతి మీకు తెలుసు సార్, మనిషి సంగతి మాకు తెలుసు అన్నాడు. కిశోర్ దగ్గరికి వెళ్లి జై తెలంగాణ అనమన్నాడు. వాడు అన్నాడు. గట్టిగా అనమన్నారు. అన్నాడు. వెనక నుంచి ఎవడో, గుండెల నుంచి రాలేదు అన్నాడు.

సారు విజిల్ ఊదాడు. ‘గుండెల నుంచి వచ్చిందా లేదా చూసే మిషిన్ ఎవని దగ్గర ఉందిరా? ఉంటే తెండ్రి. ముందుగాల తెచ్చినోని మీదనే పెడదాం.’

గుంపు చెదిరింది. కానీ ఆ మధ్యాహ్నమే ప్రిన్సిపాల్ గది ముందు బైఠాయించారు. ప్రిన్సిపాల్ భయస్తుడు. ‘కాలేజీలో శాంతి కోసం’ కిశోర్ టీంలో ఉండడని నోటీసు పెట్టాడు. ఈ దేశంలో శాంతి కోసం ఎప్పుడూ ఒక్కణ్నే అడుగుతారు. పదిమందిని అడగరు.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. సారుకు కుడిచెయ్యి పూర్తిగా చాపడానికి వచ్చేది కాదు. మోచేయి దగ్గర వంకర. అరవై తొమ్మిదిలో తెలంగాణ కోసం లేచిన పిల్లల్లో ఆయనొకడు. లాఠీ దెబ్బకు ఎముక విరిగి, సరిగా అతుక్కోలేదు. యూనివర్సిటీ టీంలో ఆడాల్సినవాడు ఆటల సారుగా మిగిలాడు. ఇది నాకు ఆయన భార్య చెప్పింది, ఆయన కాదు. ఆ సాయంత్రం ఆయన గదికి వెళ్లి కాళ్లావేళ్లా పడ్డాను. రేపు ఆ పిల్లల ముందు నిలబడి చెయ్యి చూపించండి, మీకంటే తెలంగాణవాడు ఎవడున్నాడు, మీరు ఒక్కమాట అంటే నోళ్లు మూతపడతాయి అన్నాను.

ఆయన నా వంక చాలా చిన్నచూపుతో చూశాడు. ‘నా చెయ్యి చూపించి వాణ్ని ఇడిపియ్యాల్నా? అంటే నాకు చెయ్యి ఇరగకుంటే వాడు ద్రోహేనా సారు? వాడు తప్పు చెయ్యలే. గా మాట ఒక్కటి చాలాలె. చాలకపోతే నా చెయ్యి ఎందుకు, తలకాయ ఇరిగినా చాలదు.’

నేను ఇప్పటికీ ఒప్పుకోను. చూపించి ఉండాల్సింది. నీటుగా ఉండే సూత్రాల కంటే ఒక కుర్రాడి ఆట ముఖ్యం. ఈ వాదన మా ఇద్దరి మధ్య ఆయన మంచం పట్టేదాకా నడిచింది. ఇప్పుడు ఆయన లేడు కాబట్టి నేను గెలిచినట్టు కాదు.

తర్వాత ఆయన చేసింది ఇంకా కఠినం. కిశోర్ లేకపోతే టీమే పోదన్నాడు. యూనివర్సిటీ పోటీలంటే ఆ పిల్లలకు సర్టిఫికెట్టు, సర్టిఫికెట్టు అంటే స్పోర్ట్స్ కోటాలో ఉద్యోగానికి ఒక దారి. మా పొడుగు ఆటగాడు నర్సింహ, అబ్దుల్లాపూర్‌మెట్‌లో ఆటో నడిపేవాడి కొడుకు, సారు గదిలో వెక్కివెక్కి ఏడ్చాడు. నా బతుకు మీద కొట్టకుండ్రి సార్ అన్నాడు.

‘నా దగ్గర ఏడుస్తున్నవు. ప్రిన్సిపాల్ దగ్గరికి ఎందుకు పోలే? మీరందరు పోయి, వాడు లేకుంటే మేము ఆడం అని ఒక్క మాట అంటే ఆ నోటీసు ఉంటదా? పో. ఇప్పుడు పో. నేను ఈడనే కూసుంట.’

నర్సింహ వెళ్లలేదు. ఎవరూ వెళ్లలేదు. భయపడ్డారు. బయట యాదగిరి మనుషులున్నారు. ఇరవై ఏళ్లు నిండని పిల్లలు, వాళ్లను ఏమనగలం? నేను ఏమీ అనలేను. సారు అన్నాడు. టీం పోలేదు.

ఉద్యమం న్యాయమైనది. నేను దాని కోసం తిన్న దెబ్బలకు ఈరోజుకీ విచారం లేదు. ఆ కోర్టులో ఆ రోజు జరిగింది అన్యాయం. ఈ రెండు మాటలనూ ఒకే నోటితో చెప్పలేనివాళ్లు నాకు రెండువైపులా కనిపిస్తారు. ఒకరు మొదటి మాట దగ్గరే ఆగుతారు, ఇంకొకరు రెండోదాన్ని పట్టుకొని మొదటిదాన్ని కొట్టేయాలని చూస్తారు. ఇద్దరితోనూ నాకు పొత్తు లేదు. సారుకూ లేదు. అందుకే రిటైరైన రోజున ఆయన సన్మానానికి స్టాఫ్‌లో సగం మంది రాలేదు.

మీర్‌పేట్ వైకుంఠధామం శ్మశానంలో మొన్న అందరూ కలిశారు. ఫ్లెక్సీలో చేతులు జోడించిన యాదగిరి ఇప్పుడు బాగా లావెక్కాడు, వెనక మనుషులు, ముందు కెమెరా. కన్నీళ్లు పెట్టుకొని మాట్లాడాడు. సారు నాతో బుట్టలో పడేదాకా బంతి వేయించారు, పట్టుదల అంటే ఏంటో అప్పుడు నేర్చుకున్నాను అన్నాడు. నేను అక్కడ గొడవ చేయలేదు. ఇక్కడ చేస్తున్నాను.

పాడె మోసినవాళ్లలో నర్సింహ ఉన్నాడు. క్యాబ్ నడుపుతున్నాడు. అందరికంటే పొడుగు కాబట్టి పాడె అటువైపు లేచిపోకుండా మోకాళ్లు వంచి నడిచాడు. దింపాక నా దగ్గరికొచ్చి చెమట తుడుచుకుంటూ, ‘మోసిన సార్. గానీ మాఫ్ చెయ్యలే’ అన్నాడు. ఆ రోజు చదివిన నివాళుల్లో నిజమైనది ఆ ఒక్కటే.

కిశోర్ గేటు దగ్గర హెల్మెట్ చేత్తో పట్టుకొని నిలబడ్డాడు. వాళ్ల నాన్న దుకాణం వాడే చూసుకుంటున్నాడు. బంతి మళ్లీ ముట్టలేదట. లోపలికి రమ్మంటే రాలేదు.

‘వాళ్లు నన్ను టీంలోంచి తీసేశారండి. సారు నా కోసం టీమ్‌నే తీసేశారు. ఎక్కువ తిట్లు నాకు రెండోదానికే పడ్డాయి. తోటివాళ్లు నా ముఖం చూడటం మానేశారు. నన్ను ఒక్క మాట అడిగుంటే, వాళ్లను వెళ్లనివ్వండి సార్ అనేవాణ్ణి.’

అడిగి ఉండాల్సింది. ఆయన అడగలేదు. ఒకడికి న్యాయం చేస్తున్నప్పుడు వాణ్ణే అడగకపోవడం ఆయన తప్పు. ఈ మాట ఆయన బతికుండగానే ముఖం మీద చెప్పాను. ‘అడిగితే వాడు పోనియ్యమంటడని తెల్సు. గందుకే అడగలే’ అన్నాడు.

అయితే యూనివర్సిటీ పోటీల్లో మేం ఆడని ఆ ఆటకు సారు వెళ్లాడు. టీం రాకపోతే రిఫరీ కాసేపు చూసి అవతలివాళ్లు గెలిచినట్టు ప్రకటిస్తాడు, దానికి ఎవరూ వెళ్లనక్కర్లేదు. ఆయన ఇస్త్రీ చేసిన తెల్ల ప్యాంటు, మెడలో విజిల్ వేసుకొని వెళ్లాడు. నేను తోడు వెళ్లాను. నేను గ్యాలరీలో ఉండిపోయాను, ఆయన మా వైపు బెంచీ చివర ఒక్కడే కూర్చున్నాడు. అవతలి టీం వార్మప్ చేస్తోంది. కాసేపటికి గ్యాలరీ మెట్లు దిగి కిశోర్ వచ్చాడు. జెర్సీ వేసుకొని, బూట్ల లేసులు బిగించి కట్టుకొని వచ్చాడు. ఎవరూ పిలవలేదు. సారు వాణ్ణి చూశాడు, కూర్చున్న చోటు నుంచి కదల్లేదు. కిశోర్ కూడా ఆయన పక్కకు రాలేదు. బెంచీ ఆ చివర కూర్చున్నాడు. మధ్యలో మిగతా ఆటగాళ్లు కూర్చునేంత జాగా అలాగే ఉంది. రిఫరీ గడియారం చూసుకొని, మా వైపు చూసి, కొంచెం ఇబ్బందిగా విజిల్ ఊదాడు. అవతలి ఐదుగురూ సెంటర్ సర్కిల్‌లోకి వచ్చి నిలబడ్డారు. ఇటు బెంచీకి రెండు చివర్లా ఇద్దరూ లేచి నిలబడ్డారు.